జ్ఞానప్రకాశం గారి సంతకం

సరెళ్ళ జ్ఞానప్రకాశం గారిని ఏం చదువుకున్నారని ఎవరైనా అడిగితే, మిషన్ బడిలో ఏడో తరగతి అని చెప్పి ఊరుకునే మనిషి కాదు. ఆ పరీక్ష రాయడానికి కాలవ గట్టు వెంబడి ఆరు మైళ్ళు నడిచిన సంగతి, పేట నుంచి పదకొండు మంది రాస్తే తానొక్కడే గట్టెక్కిన సంగతి, బడి చూడటానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు తన పలక పైకెత్తి "ఇదీ దస్తూరీ అంటే" అని క్లాసంతటికీ చూపించిన సంగతి, అన్నీ చెప్పాకే వదులుతారు. చెప్పడంలో తప్పేముంది? ఆయన తండ్రి వేలిముద్ర మనిషి. తాత పేరు ఏ కాగితం మీదా లేదు.

ఇరిగేషన్ శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు లస్కరుగా చేశారు. కాలవ లాకుల దగ్గర తలుపులెత్తి దించి, ఏ చేలకి ఎంత నీరు వెళ్ళాలో చూసేవాడు లస్కరు. చిన్న ఉద్యోగమని మనం అనుకోవాలి తప్ప ఆయన అనరు. ఎనభై ఆరు వరదలో మూడు రోజులు లాకు దిగకుండా ఉన్నది ఆయనే. శివారు చేలకి నీరందలేదన్న ఫిర్యాదు ఆయన హయాంలో ఒక్కటి లేదు. పేటకి కరెంటు స్తంభాలు ఆయన రాసిన అర్జీ మీదే వచ్చాయి. చర్చికి శ్లాబు పడ్డప్పుడు సంఘపెద్ద ఆయనే. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు మేష్టర్లు, చిన్నమ్మాయి రెబెకా కాకినాడలో నర్సు.

వీటన్నిటి కంటే ఆయన ఎక్కువగా చెప్పుకునేది ఇంకొకటుంది. పోలీసు కేసుల్లో ఆయన మధ్యవర్తి.

పోలీసులు శవాన్ని పరీక్షించినా, ఇల్లు సోదా చేసినా, ముద్దాయి చూపించిన చోట నుంచి ఏ వస్తువైనా బయటికి తీసినా, ఊళ్ళో గౌరవంగల ఇద్దరిని పిలవాలి. వాళ్ళ కళ్ళెదుట ఆ పని చేసి, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టి, కింద వాళ్ళ సంతకాలు తీసుకోవాలి. ఆ ఇద్దరే మధ్యవర్తులు. ఇది పోలీసులు తెచ్చి పెట్టింది కాదు, మేం చూశాం అని రేపు కోర్టులో చెప్పేది వాళ్ళే.

తొంభై ఆరు నవంబరు తుపానుతో మొదలైంది ఆయనకి ఈ పని. శవాలు కాలవలో కొట్టుకొచ్చి లాకు తలుపుల దగ్గర ఆగాయి. తాసీల్దారు, ఎస్సై ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని దూరంగా నిలబడితే, జ్ఞానప్రకాశం గారు మొలలోతు నీళ్ళలో దిగి ఒక్కొక్కరినీ తిప్పి చూసి, చీర రంగు, చెవికమ్మ, పచ్చబొట్టు చెబుతూ రాయించారు. రెండు రోజుల్లో ఇరవై ఏడు మంది. అన్ని కాగితాల కిందా "సరెళ్ళ జ్ఞానప్రకాశం" అని పొడి అక్షరం లేకుండా పూర్తిగా సంతకం. ఆ కాగితాల వల్లే ఆ ఇళ్ళకి సాయం అందిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు.

ఆ తర్వాత స్టేషనుకి ఏ అవసరం వచ్చినా ఆయనకే కబురు. వెళ్ళగానే ఎస్సై ఎవరైనా సరే, "రండి తాతగారూ, రండి. ఒరే, తాతగారికి కుర్చీ వెయ్యండ్రా" అనేవాడు. ఆ కుర్చీ సంగతి కూడా చెప్పాలి. ఆయన చిన్నప్పుడు కొబ్బరికాయల దొంగతనమని ఎవరో పేరు చెబితే తండ్రిని అదే స్టేషనుకి పిలిపించారు. పొద్దున్నించి సాయంత్రం దాకా తండ్రి తువ్వాలు చంకలో పెట్టుకుని ఎండలో నిలబడే ఉన్నాడు. గుమ్మం లోపలికి రానివ్వలేదు. అదే గుమ్మంలో నుంచి జ్ఞానప్రకాశం గారు లోపలికెళ్ళి, కుర్చీలో కూర్చుని, సాసరులో టీ పోసుకుని తాగేవారు. ఆ మర్యాద ముందు ఏది కాదనాలన్నా ఆయనకి నోరొచ్చేది కాదు.

కాదనవలసింది రెండువేల ఎనిమిదిలో వచ్చింది. ముసురు పట్టిన రోజు. కబురొస్తే వెళ్ళేసరికి ఎవరి చేలోనో దొంగతనం పోయిన కరెంటు మోటారు అప్పటికే స్టేషను బల్ల మీద ఉంది. "పెద్దిరాజు పశువుల పాకలో దొరికిందండి. వానలో మిమ్మల్ని అంత దూరం తిప్పడం ఎందుకని" అన్నాడు ఎస్సై. జ్ఞానప్రకాశం గారు మోటారు వంక చూశారు, వాన వంక చూశారు, సంతకం పెట్టారు. కోర్టులో పెద్దిరాజు లాయరు గంటన్నర అడిగితే పాక ఎటు తిరిగి ఉందో, గడ్డిమోపులు ఎన్నో కూడా తడుముకోకుండా చెప్పారు. అవన్నీ కాగితంలో ఉన్నవే. ఒకసారి వింటే మరిచిపోని జ్ఞాపకం ఆయనది. పెద్దిరాజుకి మూడేళ్ళు పడింది.

అక్కణ్ణుంచి, చూసి సంతకం పెట్టే మనిషి విని సంతకం పెట్టే మనిషయ్యారు. కొన్నాళ్ళకి వినకుండా కూడా. మోకాళ్ళ నెప్పులు మొదలయ్యాక స్టేషను రైటరు శ్రీరామచంద్రమూర్తి గారు మరీ మర్యాదగా, "ప్రతిసారీ ఆటో ఎక్కించి మిమ్మల్ని రప్పించడం మాకు బాగోదండి. ఓ నాలుగు తెల్లకాగితాల మీద కింద సంతకం చేసిచ్చేయండి. పని పడ్డ రోజు పైన మేం రాసుకుంటాం. మీకు తెలియందేవుందండి ఇందులో" అన్నారు. మీకు తెలియందేముంది అంటే తెలియదని ఎవరంటారు? ఏటా రెండుసార్లు సంతకాలు చేసి ఇచ్చి రావడం అలవాటైంది.

శవాల కాగితాలు కాక అరవై కేసులు, పందొమ్మిది సార్లు బోనెక్కి సాక్ష్యం. ఈ లెక్క పెళ్ళిళ్ళలో, సంఘ కూటాల్లో, చివరికి చావింటి అరుగు మీద కూడా ఆయన చెప్పేవారు.

రెండువేల ఇరవై రెండు అక్టోబరులో కాకినాడ వెళ్ళి కుడికంటికి శుక్లం తీయించుకున్నారు. పన్నెండో తారీకు నుంచి పందొమ్మిది దాకా అక్కడే. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే నిర్మల వచ్చి వీధిలో నిలబడింది.

నిర్మల వాళ్ళది రెండిళ్ళ అవతల. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు క్రాంతికుమార్, కొబ్బరి దింపు కార్మికుడు. నడుముకి కత్తి కట్టుకుని రోజుకి నలభై చెట్లు ఎక్కుతాడు. వాడికి బాప్తిస్మమప్పుడు ఆ పేరు పెట్టింది జ్ఞానప్రకాశం గారే.

"పెదనాన్న గారూ, మావాణ్ణి పదిహేనో తారీకునే తీసుకెళ్ళిపోయేరండి, ఇంకా స్టేషన్లోనే ఉంచేరండి. వీరన్నని చంపేడంటన్నారండి."

వీరన్న ఊరి చివర రొయ్యల చెరువుకి కాపలా ఉండేవాడు. చెరువులో ఉప్పునీళ్ళు చేలకి నీరందించే బోదెలోకి వదిలితే నిర్మల అరెకరం వరి మాడిపోయింది. దసరా వెళ్ళాక క్రాంతి వెళ్ళి వీరన్నతో గొడవపడ్డాడు. నరుకుతానని కూడా అన్నాడు, నలుగురూ విన్నారు. పధ్నాలుగో తారీకు తెల్లారేసరికి వీరన్న చెరువు గట్టు మీద మెడ తెగి పడున్నాడు.

"వాడేవంటన్నాడు?" అని అడిగారు జ్ఞానప్రకాశం గారు.

"ఏం తెలీదంటన్నాడండి. మా అన్నయ్య లాయర్ని పెట్టమంటన్నాడు."

"లాయరెందుకే? మొదట్లోనే లాయరెనకాల దాక్కుంటే చేసినోడి కిందే లెక్క. ఉన్నదున్నట్టు చెప్పేయమను, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేయమను. నేనున్నాను కదా. ఎస్సైగారితో నేను మాట్లాడతాను."

నిర్మల చేతులు జోడించి వెళ్ళింది. ఆయన ఆ సాయంత్రమే కంటికి నల్లద్దాలు పెట్టుకుని స్టేషనుకి వెళ్ళారు. ఎస్సై కుర్చీ వేయించి, కన్నెలా ఉందని అడిగి, "చూద్దావండి, మన కుర్రాడే కదా" అన్నాడు. అంత మాట చాలనుకున్నారు. నిర్మలతో అదే చెప్పారు. మూడు నెలలు ఆవిడ ఆ మాట పట్టుకునే కూర్చుంది. క్రాంతి రాజమండ్రి జైల్లో ఉన్నాడు.

జనవరిలో పోలీసులు ఛార్జిషీటు వేశాక, కోర్టువారే ప్రభుత్వ ఖర్చుతో ఒక లాయర్ని ఇచ్చారు. లిడియా అని ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. ఆవిడిచ్చిన కాగితాల కట్ట పట్టుకుని నిర్మల మళ్ళీ వచ్చింది.

"ఏం రాసేరో మీరైతే ఇవరంగా చదువుతారనండి."

జ్ఞానప్రకాశం గారు అరుగు మీద కూర్చుని, గొంతు సవరించుకుని, చర్చిలో వాక్యం చదివినట్టు నిదానంగా చదవడం మొదలుపెట్టారు. నిర్మల కింద కూర్చుంది. ఆయన భార్య సూరమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ వింటోంది.

"సదరు ముద్దాయి పదహారో తేదీ సాయంత్రం నాలుగు గంటలకు తన నేరాన్ని ఒప్పుకుని, తాను దాచిన కత్తిని చూపిస్తానని చెప్పగా, మేము మధ్యవర్తులతో కలిసి వెళ్ళగా, ముద్దాయి కొబ్బరి పీచు డొక్కల పోగు కింద నుండి కత్తిని తీసి ఇవ్వగా, దానిపై రక్తపు మరకలు..."

"అబద్ధవండి!" అంది నిర్మల. "వాడి కత్తి ఇంట్లో చూరులో ఉంటే పదిహేనో తారీకునే పట్టుకుపోయేరండి. నేనే తీసిచ్చేను."

"ఉండవే. చదవనియ్యి. పైన చెప్పిన సంగతులన్నీ మా కళ్ళెదుట జరిగినవని ధ్రువపరుస్తూ... మధ్యవర్తులు. ఒకటి..."

అక్కడ ఆగిపోయారు. ఒకటి, టీకొట్టు అయ్యప్ప. రెండు, సరెళ్ళ జ్ఞానప్రకాశం. పొడి అక్షరం లేకుండా, ఇన్‌స్పెక్టరు మెచ్చిన దస్తూరీలో.

"ఎవరండి మధ్యవర్తులు?" అని అడిగింది నిర్మల.

"అక్షరాలు సరిగా పళ్ళేదు. ఈ కన్ను ఇంకా మసగ్గానే ఉంది" అన్నారు ఆయన.

నిర్మల కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. సూరమ్మ చేటలో చెయ్యి ఆపి, "పేపరు పొద్దున్నే చివరిదాకా చదివేరు కదండి" అంది. పదహారో తారీకు సాయంత్రం నాలుగు గంటలకి ఆయన కంటికి కట్టుతో ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. తల కదపొద్దన్నారని సూరమ్మ పక్కన కూర్చుని స్పూనుతో జావ పోసింది.

మర్నాడు స్టేషనుకి వెళ్ళారు. ఎస్సై లేడు. రైటరు మూర్తి గారే కుర్చీ లాగారు.

"ఏదో పొరపాటు జరిగిందండి మూర్తిగారూ. వీరన్న కేసులో నా సంతకం పడిందండి. ఆ రోజు నేను కాకినాడలో ఉన్నాను."

"ఆయ్. తెలుసండి. ఆసుపత్రికి పళ్ళు కూడా పంపించేం కదండీ."

"మరి నా సంతకం?"

"మీరు చేసిచ్చిందే కదండి. మేమేం దొంగ సంతకం పెట్టలేదే."

జ్ఞానప్రకాశం గారు కుర్చీ అంచుకి జరిగారు. "కత్తి నిజంగా డొక్కల కిందే దొరికిందాండీ?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయన నోట రావడం అదే మొదలు.

"దొరికిందని రాసుంది కదండి" అన్నారు మూర్తి గారు. "తాతగారూ, ఆ రెండో మధ్యవర్తి అయ్యప్ప మస్కట్ వెళ్ళిపోయేడు. సమను కూడా అందదు. కేసు మొత్తం మీ ఒక్కరి మాట మీదే నిలబడుద్ది. ఇది అబద్ధవని మీరంటే మిగతా అరవై ఏమైపోతాయండీ? శిక్షలు పడ్డోళ్ళున్నారందులో. మా సంగతి వదిలేయండి, మీ పేరేమైపోద్దండీ? ఒరే, తాతగారికి టీ పట్రా."

టీ వచ్చింది. తాగి ఇంటికొచ్చారు.

"తాగొచ్చేరా?" అంది సూరమ్మ.

"ఏంటి?"

"టీ."

కేసు విచారణకి రావడానికి రెండేళ్ళ పైన పట్టింది. బెయిల్ రెండుసార్లు కొట్టేశారు. ఈ రెండేళ్ళలో జ్ఞానప్రకాశం గారు ఎక్కడా అరవై కేసుల మాటెత్తలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు జనం. నిర్మల చర్చిలో ఎదురైతే "బాగున్నారా పెదనాన్న గారూ" అనే అడిగేది. ఆ కాగితంలో ఎవరి పేరుందో ఆవిడకి అప్పటికే తెలుసు. లిడియా చదివి చెప్పింది. అయినా అలాగే అడిగేది. ఆ పలకరింపు వినలేక ఆయన ప్రార్థన అయ్యీ అవకుండానే బయటికి వచ్చేసేవారు.

రెండువేల ఇరవై అయిదు మే నెలలో సాక్షి సమను చేతికొచ్చింది. ఆ వారమే ఆయన అమలాపురం బస్సెక్కారు. కోర్టు ఎదురుగా జిరాక్సు కొట్టు మీద లిడియా గది.

"కూర్చోండి, పెద్దాయనగారూ. చెప్పండి."

"ఒక మనిషి ఉన్నాడనుకోండమ్మా."

"అనుకున్నానండి."

"ఆ మనిషి ఒక కాగితం మీద సంతకం పెట్టేడనుకోండి. పెట్టిన్నాటికి ఆ కాగితంలో ఏం లేదనుకోండి. అందులో రాసిన రోజున ఆ మనిషి కాకినాడలో కంటికి కట్టుతో పడుకున్నాడనుకోండి."

లిడియా చేతిలో కలం కింద పెట్టేసింది. "ఆ మనిషి అవతలి పక్షం సాక్షి అయితే ఏం చెప్పాలో నేను నేర్పకూడదండి. నా లైసెన్సు పోద్ది, మా కుర్రాడి కేసూ పోద్ది. చట్టం ఏం చెబుతుందో అడగండి. అది వీధిలో పోయేవాళ్ళడిగినా చెప్తాను."

"పోలీసుల దగ్గర ముద్దాయి ఒప్పేసుకుంటే శిక్ష పడిపోద్దాండీ?"

"పడదండి. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది చెల్లదు. కానీ ముద్దాయి చూపిస్తేనే వస్తువు దొరికిందంటే, ఆ దొరకడం వరకూ చెల్లుద్ది. అందుకేనండి, ఒప్పుకోలు కంటే మధ్యవర్తి సంతకం బరువెక్కువ. ఈ కేసులో చూసినోళ్ళు లేరు. గొడవ ఉంది, కత్తి ఉంది. గొడవపడ్డ ప్రతోడూ హంతకుడు కాడు. కత్తి నిలబడితే మాత్రం జీవితఖైదు."

"మొదట్లోనే లాయర్ని పెట్టుకుంటే తప్పు చేసినట్టు కాదామ్మా?"

"కాదండి. అరెస్టయిన గంట నుంచీ లాయరుతో మాట్లాడే హక్కుంది. నోరు మూసుకుని కూర్చునే హక్కూ ఉంది. ఈ అబ్బాయికి ఎవరో పెద్దమనిషి లాయరొద్దు, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టెయ్యమని చెప్పించేరంట. పెట్టేసేడు." ఎవరా పెద్దమనిషి అన్నది ఆవిడ అనలేదు.

"అసలు ఆ కుర్రాడు... చేసేడా?"

"నేనడగలేదండి. రుజువు చెయ్యాల్సింది ప్రభుత్వం. రుజువులో అబద్ధం ఉంటే చూపించడం నా పని."

"చేసుంటే?"

"చేసుంటే నిజమైన రుజువుతో శిక్ష వెయ్యమనండి. నేనేం అడ్డం పడను, పడలేను."

ఆయన లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ మనిషి వెనక కేసుల్లో కూడా అలాగే చెప్పేడనుకోండి. బోనులో ప్రమాణం చేసి" అన్నారు.

లిడియా ముఖం మారింది. "అది నేరవండి. ఏళ్ళ తరబడి శిక్ష పడొచ్చు. ఆ మనిషి ముందు తన కోసం ఒక లాయర్ని చూసుకోవాలి. నేను కాదు, ఇంకెవరినైనా."

ఆయన ఎవరినీ చూసుకోలేదు. చూసుకుంటే సూరమ్మ ముందు, రెబెకా ముందు, ఆ లాయరు ముందు కూర్చుని ఒక్కొక్క కేసే చెప్పాలి. అది ఆయన వల్ల కాలేదు. వాయిదా రోజు ఉతికిన పంచె కట్టుకుని, అలవాటు ప్రకారం పెందలాడే కోర్టుకి వెళ్ళారు. వరండాలో మూర్తి గారు ఎదురొచ్చి కాగితం తీశారు. "ఓసారి చదివి వినిపిస్తానండి."

"వద్దండి. నాకు జ్ఞాపకమే" అన్నారు జ్ఞానప్రకాశం గారు.

కటకటాల అవతల క్రాంతి నిలబడి ఉన్నాడు. చెట్లెక్కే మనిషి భుజాలు చిక్కిపోయి చొక్కా వేలాడుతోంది. నిర్మల వెనక బెంచీ మీద. ఇటు గోడవారగా వీరన్న భార్య వీరాయమ్మ, చేతిలో భర్త ఫొటో.

ప్రమాణం అయ్యాక ప్రభుత్వ లాయరు కాగితం చూపించాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"పదహారో తేదీ సాయంత్రం నాలుగు గంటలకి ముద్దాయి చూపగా కత్తి స్వాధీనం చేసుకున్నప్పుడు మీరక్కడ ఉన్నారు?"

"లేనండి."

జడ్జిగారు తలెత్తారు. ప్రభుత్వ లాయరు, వినపడలేదేమో అన్నట్టు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు. అప్పుడాయన జడ్జిగారి వైపు తిరిగి, ఈ సాక్షి ఎదురు తిరిగాడు, నన్ను నిలదీసి అడగనివ్వండి అని అనుమతి తీసుకున్నాడు.

"ముద్దాయి మీ పేటవాడేనా?"

"మా పేటేనండి. మా సంఘమే. పేరు పెట్టింది కూడా నేనే."

"అందుకని వాణ్ణి కాపాడటానికి అబద్ధం చెబుతున్నారు."

"లేదండి."

"ఇంతకు ముందు పందొమ్మిది కేసుల్లో ఇవే కోర్టుల్లో సాక్ష్యం చెప్పారు. అన్నింట్లోనూ 'ఉన్నాను, చూశాను' అన్నారు. అవునా?"

"అవునండి."

"వాటిలో ఏనాడూ అబద్ధం చెప్పని మనిషి ఈ ఒక్క కేసులో, మీ పేట కుర్రాడి కేసులో, లేనంటున్నారు. కోర్టువారు దీన్ని ఎలా నమ్మాలి?"

అందులోని మెలిక జ్ఞానప్రకాశం గారికి బాగా తెలుసు. పందొమ్మిది సార్లు బోనెక్కిన మనిషి. వెనకవన్నీ నిజమంటే ఇది అబద్ధమవుతుంది, క్రాంతి జైల్లోనే ఉంటాడు. ఆయన బోను కర్ర పట్టుకున్నారు.

"వాటిలో చాలా అబద్ధాలేనండి."

"ఏంటీ?"

"తుపాను శవాలు కళ్ళారా చూసేనండి. ఆ తరవాత మొదట్లో కొన్నింటికి వెళ్ళేను, చూసేను. రెండువేల ఎనిమిది నుంచి దగ్గర దగ్గర అన్నింటికీ స్టేషన్లో కూర్చునో, తెల్లకాగితాల మీదో పెట్టేను. పెద్దిరాజు పాక నేనెప్పుడూ చూళ్ళేదండి. గడ్డిమోపులు కాగితంలో ఎన్నుంటే అన్ని చెప్పేను."

జడ్జిగారు టైపిస్టుని ఆపి, "మీరు చెప్పేది మీకే చుట్టుకుంటుంది. తెలిసే చెబుతున్నారా?" అని అడిగారు.

"ఆయ్. తెలిసేనండి."

తర్వాత లిడియా లేచి ఒక్క ప్రశ్నే అడిగింది, ఆ రోజు మీరెక్కడున్నారని. చెప్పారు. లిడియా అర్జీ మీద కోర్టు తెప్పించిన ఆసుపత్రి రికార్డులో కూడా అదే ఉంది.

జూన్ ఆఖరులో తీర్పు. జ్ఞానప్రకాశం గారు వెళ్ళనక్కర్లేదు, అయినా వెళ్ళారు. క్రాంతికుమార్ మీద నేరం రుజువు కాలేదు, సంశయలబ్ధి కింద విడుదల చేస్తున్నామని చదివారు. దానికి ముందు ఆయన గురించి కూడా ఒక పేరా చదివారు. ఈ సాక్షి అప్పుడు చెప్పింది నమ్మాలో ఇప్పుడు చెప్పింది నమ్మాలో తేల్చుకోలేని పరిస్థితి ఉందనీ, ఇలాంటి మనిషి మాట మీద ఏ కేసులోనూ ఎవరినీ శిక్షించలేమనీ, ఇతని మీదా, ఆ కాగితం రాసిన వారి మీదా ఏం చర్య తీసుకోవాలో విడిగా పరిశీలిస్తామనీ. పేరు పూర్తిగా చదివారు. సరెళ్ళ జ్ఞానప్రకాశం.

క్రాంతి తల్లితో వరండాలోకి వచ్చాడు. రెండేళ్ళ ఎనిమిది నెలలు. జ్ఞానప్రకాశం గారు ఒక అడుగు ముందుకేశారు. వాడు ఆయన్ని చూశాడు, కానీ ఆగలేదు. నిర్మల మాత్రం ఆగి, "వెళ్ళొస్తాం పెదనాన్న గారూ" అంది. అందులో కోపం లేదు, ఇంకేమీ కూడా లేదు.

ఆయన బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేసరికి వీరాయమ్మ అక్కడే ఉంది. ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెప్పండి తాతగారూ. ఆ కుర్రోడు చంపలేదాండీ?"

"నాకు తెలవదమ్మా."

"చంపేడాండీ?"

"తెలవదమ్మా."

"కత్తి ఆ డొక్కల కింద లేదాండీ మరి?"

"ఉందో లేదో నేను చూళ్ళేదమ్మా."

"ఎవరో ఒకరు ఎళ్ళి చూడాలి కదండీ. చూత్తారనే కదండీ మిమ్మల్ని పెట్టింది." ఆవిడ గొంతు పెంచలేదు. "మీరు రాలేనన్నారనుకోండి, ఇంకో మడిసిని పిలుచుకునేవోరు. ఆ మడిసి ఎళ్ళి చూసుండేవోడు. ఉంటే ఉందనేవోడు, లేకపోతే లేదనేవోడు. ఇయ్యాళ నాకు తెలిసుండేది. ఇప్పుడింక నాకెవరు చెప్తారండీ, మా ఆయన్ని చంపినోడెవడో?"

పోలీసులు మళ్ళీ వెతుకుతారనో, పై కోర్టు ఉందనో చెప్పొచ్చు. అలాంటివి చెప్పడం జ్ఞానప్రకాశం గారికి కొత్త కాదు. పేటలో ఎందరికో చెప్పారు. ఈసారి ఆ మాటలేవీ ఎత్తలేదు.

ఆవిడ నిజంగానే జవాబు కోసం చూస్తూ నిలబడింది. బస్సొచ్చింది. కండక్టరు రెండోసారి కేకేశాక, ఫొటో కొంగులో చుట్టుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని కూడా ఆయన వైపే చూసింది.